నల్గొండ, పాలమూరు నుంచి ఫ్రెంచ్, జర్మన్ డిగ్రీకి: ఇంటర్ విద్యార్థులకు సమగ్ర మార్గదర్శి

ఫ్రెంచ్ లేదా జర్మన్ ఆనర్స్ డిగ్రీలో చేరడానికి ఆ భాషలో ఒక్క అక్షరం కూడా ముందుగా వచ్చి ఉండనవసరం లేదు. మిర్యాలగూడలోనో, దేవరకొండలోనో, నాగర్‌కర్నూల్‌లోనో, గద్వాలలోనో ఇంటర్ చదివే పిల్లలకు ఈ సంగతి చెప్పేవారు అరుదు. అందుకే భాషల మీద నిజమైన ఇష్టం ఉన్నవారు కూడా ఎప్‌సెట్, నీట్, కాదంటే బీకాం కంప్యూటర్స్ అనే మూడు దారుల్లోనే నడిచిపోతుంటారు. విశ్వవిద్యాలయాలు మొదటి సెమిస్టరులో అక్షరాల దగ్గర నుంచే నేర్పుతాయి. మీకు సీటు వస్తుందా రాదా అన్నది మూడు విషయాలు తేలుస్తాయి: ఇంగ్లీషు మీద పట్టు, తేదీ దాటకుండా పెట్టిన దరఖాస్తు, సరైన సర్టిఫికెట్లు. ఈ మూడింటినీ ఊళ్ళో ఉండే సిద్ధం చేసుకోవచ్చు. నేను చూసినంతలో సీటు చేజారినవారిలో మార్కులు చాలనివారి కన్నా, తేదీ దాటిపోయినవారు, ఒక కాగితం లేక వెనక్కి వచ్చినవారే ఎక్కువ. ఆ బాధ ఇంకెవరికీ కలగకూడదని ఈ వివరాలన్నీ ఒకచోట రాస్తున్నాను.

ముందు భాషను ఎంచుకోండి

ఫ్రెంచ్, జర్మన్ రెండూ కలిపి ఒకే డిగ్రీగా చదివే పద్ధతి ఐరోపాలో సాధారణం. మన దేశంలో మాత్రం ఏదో ఒకదాన్ని ప్రధాన భాషగా తీసుకుని ఆనర్స్ చేస్తారు. రెండోదాన్ని తర్వాత ఐచ్ఛికంగానో, సాయంకాలపు సర్టిఫికెట్ కోర్సుగానో నేర్చుకోవచ్చు. మొదటి ఏడాదే రెండింటినీ తలకెత్తుకోవద్దని నా గట్టి సలహా. మొదటి భాషలో సొంతంగా ఒక ఉత్తరం రాసి, ఒక వార్త చదివి అర్థం చేసుకునే స్థాయి వచ్చాకే రెండోదాని జోలికి వెళ్ళండి.

తెలుగు వచ్చినవారికి ఈ రెండు భాషల్లోనూ కొంత సౌలభ్యం ఉంది. ఇంగ్లీషు మాధ్యమం వెంట పరుగెత్తే హడావిడిలో దాన్ని మనం గుర్తించం. జర్మన్‌లో నామవాచకానికి నాలుగు విభక్తులు ఉంటాయి. ఇంగ్లీషు మాత్రమే తెలిసినవారు అక్కడ ఆగిపోతారు. ‘రాముడు, రాముణ్ణి, రాముడికి, రాముడి’ అంటూ పెరిగిన మనకు ఆ ఆలోచన కొత్త కాదు. మనకు మార్పు పదం చివర వస్తుంది, జర్మన్‌లో ఎక్కువగా పదం ముందుండే ఆర్టికల్‌లో వస్తుంది. అంతే తేడా. ‘అతను రేపు వస్తాడని నాకు తెలుసు’ అన్నప్పుడు ‘వస్తాడని’ అనే క్రియ ఉపవాక్యం చివర నిలుస్తుంది కదా. జర్మన్‌లోనూ అలాంటి ఉపవాక్యంలో క్రియ చివరికే వెళ్తుంది: ‘ఇష్ వైస్, దస్ ఎర్ మోర్గెన్ కొమ్ట్’. ఇందులో ‘కొమ్ట్’ క్రియ.

ఫ్రెంచ్‌లో కర్తను బట్టి క్రియ మారుతుంది. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తారు అనే మనకు అది సహజమే. నువ్వు, మీరు అనే తేడా రెండు భాషల్లోనూ ఉంది. ఫ్రెంచ్‌లో ‘త్యు’, ‘వూ’. జర్మన్‌లో ‘దు’, ‘జీ’. ఎవరితో ఏది వాడాలో తెలుగు పిల్లలు ఇట్టే పట్టేస్తారు.

కష్టమూ ఉంది. ఫ్రెంచ్‌లో రాసేదానికి, పలికేదానికి దూరం ఎక్కువ. పదాల చివరి హల్లులు చాలావాటిని పలకరు. రాసినదాన్ని రాసినట్టే పలికే భాష నుంచి వెళ్ళిన మనకు మొదటి కొన్ని నెలలు చెవికి, కంటికి పొత్తు కుదరదు. రెండు భాషల్లోనూ మన లిపిలో లేని ఒక అచ్చు ఉంది. పెదవులను ‘ఊ’ అన్నట్టు గుండ్రంగా చుట్టి, లోపల ‘ఈ’ అనండి. అదే. ఇక లింగం సంగతి: ఫ్రెంచ్‌లో రెండు, జర్మన్‌లో మూడు. బల్లకూ తలుపుకూ కూడా లింగం ఉంటుంది. ప్రతి పదాన్నీ ఆర్టికల్‌తో కలిపి బట్టీ పట్టడం తప్ప వేరే మార్గం లేదు.

ఏది తీసుకోవాలో తేలకపోతే, రెండింటినీ ఒక్కో నెల చొప్పున ఫోనులో ఉచితంగా నేర్చుకుని చూడండి. జర్మన్‌కు డాయిచె వెల్లె, ఫ్రెంచ్‌కు టీవీ5మోండ్, ఆర్‌ఎఫ్‌ఐ సంస్థలు ఉచిత పాఠాలు అందిస్తున్నాయి. ఐఐటీల ఉచిత ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటెల్‌లో ఐఐటీ మద్రాస్ జర్మన్ పాఠాలు ఉన్నాయి. నెల తిరిగేసరికి ఏ భాష పాఠం కోసం మనసు ఎదురుచూస్తోందో మీకే తెలుస్తుంది. ఉద్యోగాల లెక్క వేసి భాషను ఎంచుకున్నవారు రెండో సంవత్సరంలో అలసిపోవడం చూశాను. ఇష్టపడి ఎంచుకున్నవారు నిలబడతారు.

నల్గొండ నుంచి హైదరాబాద్ బస్సులో వెళ్ళే దారిలో మూసారాంబాగ్ ప్రాంతం వస్తుంది. నిజాం సైన్యంలో పనిచేసిన ఫ్రెంచ్ సేనాని రేమండ్‌ను జనం మూసా రాముడిగా పిలుచుకున్నారని, ఆ పేరు అలా వచ్చిందని చెబుతారు. 1798లో చనిపోయిన ఆయన సమాధి అక్కడికి దగ్గర్లోనే ఉంది. ఫ్రెంచ్ మనకు మరీ పరాయిదేమీ కాదు.

ఎక్కడ చదవాలి

మనకు అన్నిటికన్నా దగ్గరిది, దేశంలోనే ఈ చదువుకు పేరున్నది హైదరాబాద్ తార్నాకలోని ఇంగ్లీష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. అందరూ ఇఫ్లూ అంటారు. 1958లో ఇంగ్లీషు బోధన కోసం ఏర్పడిన సంస్థ ఇది. 1972లో విదేశీ భాషలూ దాని పేరులో చేరాయి. 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. ఉస్మానియా ప్రాంగణం పక్కనే ఉంటుంది. ఇక్కడ ఫ్రెంచ్, జర్మన్‌తో పాటు స్పానిష్, రష్యన్, అరబిక్, జపనీస్ వంటి భాషల్లోనూ బీఏ ఆనర్స్ ఉంది. నల్గొండ నుంచి వచ్చేవారు ఎల్‌బీ నగర్‌లో దిగి ఉప్పల్ మీదుగా వెళ్ళే సిటీ బస్సు పట్టుకోవచ్చు. మహబూబ్‌నగర్ వైపువారికి కాచిగూడ రైలు అనుకూలం.

ఢిల్లీ వెళ్ళడానికి సిద్ధపడితే జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం (జేఎన్‌యూ)లో ఈ రెండు భాషల్లోనూ బీఏ ఆనర్స్ ఉంది. అక్కడ ట్యూషన్ ఫీజు ఏడాదికి కొన్ని వందల రూపాయలే. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో జర్మానిక్, రొమాన్స్ అధ్యయన విభాగం ఈ ఆనర్స్ కోర్సులు నడుపుతుంది. కాశీలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలోనూ ఫ్రెంచ్, జర్మన్ విభాగాలు ఉన్నాయి. నా ఉద్దేశంలో మన జిల్లాల పిల్లలు ఇఫ్లూను మొదటి లక్ష్యంగా, జేఎన్‌యూను రెండోదిగా పెట్టుకోవడం మంచిది. ఇంటికి దగ్గర కావడం ఒక్కటే కారణం కాదు. హైదరాబాద్‌లో ఫ్రెంచ్ నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్, జర్మన్ నేర్పే గోథే సెంట్రమ్ ఉన్నాయి. తరగతి బయట కూడా భాష వినే, మాట్లాడే అవకాశం దొరుకుతుంది.

ఒక హెచ్చరిక. కొన్ని డిగ్రీ కళాశాలల్లో ద్వితీయ భాషగా ఫ్రెంచ్ ఉంటుంది. అది మంచి పరిచయమే. కానీ దాన్ని ఫ్రెంచ్ డిగ్రీ అనుకుని చేరకండి. అలాగే ఇంటర్‌లో మార్కుల కోసం ద్వితీయ భాషగా సంస్కృతమో ఫ్రెంచో తీసుకున్నంత మాత్రాన ఈ ప్రవేశాల్లో సీటు ఖాయం కాదు, తెలుగు తీసుకున్నందువల్ల తలుపు మూసుకోదు.

సీయూఈటీ దరఖాస్తు

కేంద్రీయ విశ్వవిద్యాలయాల్లో డిగ్రీ ప్రవేశాలకు 2022 నుంచి సీయూఈటీ అనే ఉమ్మడి పరీక్ష జరుగుతోంది. నిర్వహించేది ఎన్‌టీఏ, అంటే జేఈఈ, నీట్ పెట్టే సంస్థే. పైన చెప్పిన సీట్లకు ఇదే ద్వారం. మన రాష్ట్ర డిగ్రీ కళాశాలల్లో సీట్లిచ్చే దోస్త్ ప్రక్రియకు దీనితో సంబంధం లేదు. దోస్త్‌లో ఎంత వెతికినా ఇఫ్లూ కనిపించదు.

2025 నుంచి ఈ పరీక్ష పూర్తిగా కంప్యూటర్ మీద జరుగుతోంది. ఒక అభ్యర్థి గరిష్ఠంగా 5 సబ్జెక్టులు ఎంచుకోవచ్చు. ఒక్కో సబ్జెక్టులో 50 ప్రశ్నలు, 60 నిమిషాలు. సరైన జవాబుకు 5 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. వదిలేసిన ప్రశ్నకు కోత లేదు. సబ్జెక్టు పేపర్లు, జనరల్ టెస్ట్ రాయడానికి తెలుగు మాధ్యమం ఎంచుకునే వీలుంది. తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఇది పెద్ద ఊరట.

ఏ సబ్జెక్టులు పెట్టుకోవాలి? ఇంగ్లీషు తప్పనిసరి అనుకోండి. జనరల్ టెస్ట్ కూడా చేర్చండి. మిగిలిన మూడింటినీ ఇంటర్‌లో చదివిన వాటి నుంచే తీసుకోండి. ఎంపీసీవారు గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు; బైపీసీవారు జీవశాస్త్రంతో పాటు ఆ రెండూ; సీఈసీవారు అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, అకౌంటెన్సీ; హెచ్‌ఈసీవారు చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం. ఢిల్లీ విశ్వవిద్యాలయం ఇంటర్‌లో చదివిన సబ్జెక్టులనే లెక్కలోకి తీసుకుంటుంది. ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కో కలయిక అడుగుతుంది కాబట్టి, ఐదు సబ్జెక్టులూ పెట్టుకుంటే ఏ తలుపూ మూసుకోదు. ఏ కోర్సుకు ఏవి కావాలో సీయూఈటీ వెబ్‌సైట్‌లో ఆయా విశ్వవిద్యాలయాల పేజీల్లో ఉంటుంది. దరఖాస్తు నింపే ముందు ఆ పేజీని అచ్చు తీసుకుని పెట్టుకోండి.

అసలు చిక్కు తేదీల దగ్గర వస్తుంది. 2025లో దరఖాస్తులు మార్చి 1న మొదలయ్యాయి. అంటే సరిగ్గా మన ఇంటర్ పరీక్షల కాలం. హాస్టల్లో ఫోను ఉండదు, ఇంటివారికి ఆ పరీక్ష పేరే తెలియదు, గడువు కాస్తా జారిపోతుంది. ఈ తేదీలు ఏటా మారుతుంటాయి. అందువల్ల డిసెంబరు నుంచే వారానికి ఒకసారి ఎన్‌టీఏ వెబ్‌సైట్ చూసే బాధ్యతను ఇంట్లో ఒకరికి అప్పజెప్పండి. అక్కో, మేనమామో, ఊళ్ళో డిగ్రీ చదివే అన్నయ్యో ఎవరైనా సరే. ఫోటో, సంతకం, పదో తరగతి మెమో, ఆధార్ స్కాన్ చేసి ముందే వారి ఫోనులో ఉంచండి.

ఇంటర్నెట్ సెంటరులో దరఖాస్తు పెట్టిస్తే ఫోను నంబరు, ఈమెయిల్ మీవే ఇవ్వండి. సెంటరు వారి ఈమెయిల్ పెట్టేసి, తర్వాత పాస్‌వర్డ్ దొరక్క కౌన్సెలింగ్ పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఓటీపీలు, సీటు కేటాయింపు సమాచారం అన్నీ ఆ నంబరుకే వస్తాయి. ఆ నంబరు ఆగస్టు దాకా పనిచేస్తూ ఉండాలి, రీచార్జి ఆపకండి.

పేరు విషయంలో జాగ్రత్త. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో పొడి అక్షరంగా ఉంటే ఇబ్బంది. మెమోనే ప్రమాణంగా తీసుకుని ఆధార్‌ను దానికి సరిచేయించుకోండి. మన ప్రాంతానికి ఇంకో చిక్కు కూడా ఉంది. 2016లో పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల; పాత నల్గొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి విడిపోయాయి. 2019లో నారాయణపేట వేరైంది. మీ పుట్టిన సర్టిఫికెట్‌లో పాత జిల్లా పేరు ఉండవచ్చు. పుట్టిన చోటు దగ్గర సర్టిఫికెట్‌లో ఉన్నట్టే రాయండి. ప్రస్తుత చిరునామా దగ్గర కొత్త జిల్లా రాయండి. కులం, ఆదాయం సర్టిఫికెట్లలో వచ్చే జిల్లా పేరు, దరఖాస్తులోని చిరునామా ఒకటిగా ఉంటే తనిఖీలో ప్రశ్నలు రావు.

సర్టిఫికెట్లు: ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు

దోస్త్‌కు సరిపోయిన కుల ధ్రువీకరణ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సరిపోదు. బీసీ కుటుంబాలవారు ఈ మాటను రెండుసార్లు చదవండి. మన రాష్ట్రంలో బీసీ-ఏ, బీ, సీ, డీ, ఈ అని వర్గాలున్నాయి. కేంద్రంలో ఆ విభజన లేదు. అక్కడ ఓబీసీ అనే ఒకే జాబితా ఉంది, దానిలోనూ క్రీమీలేయర్‌కు, అంటే సంపన్న వర్గానికి, చెందనివారికే 27 శాతం రిజర్వేషన్. రాష్ట్ర జాబితాలో ఉన్న ప్రతి కులమూ కేంద్ర జాబితాలో ఉండదు. జాతీయ బీసీ కమిషన్ వెబ్‌సైట్‌లో తెలంగాణ జాబితా తెరిచి మీ కులం పేరు, దాని స్పెల్లింగ్ చూసుకోండి.

పేరు ఉంటే మీసేవలో ‘ఓబీసీ సర్టిఫికెట్’ అని ప్రత్యేకంగా అడగండి. మామూలు కులం, ఆదాయం సర్టిఫికెట్ ఇచ్చి పంపేస్తే తిరిగి వెళ్ళండి. కేంద్ర నమూనాలో, క్రీమీలేయర్ కాదన్న వాక్యంతో, తహసీల్దార్ సంతకంతో ఉండాలి. క్రీమీలేయర్ పరిమితి ఏడాదికి 8 లక్షల రూపాయలు. ఆ ఆదాయ లెక్కలో తల్లిదండ్రుల జీతం, వ్యవసాయ ఆదాయం కలపరు. ఉద్యోగి అయితే హోదాను బట్టి, రైతు అయితే భూమి విస్తీర్ణాన్ని బట్టి వేరే నిబంధన చూస్తారు. ఈ తేడా తెలియక తమకు అర్హత లేదనుకుని ఊరుకున్న కుటుంబాలు చాలా ఉన్నాయి.

ఆర్థికంగా వెనుకబడిన అగ్రవర్ణాల (ఈడబ్ల్యూఎస్) కోటా 10 శాతం. దీనికి అన్ని ఆదాయాలూ, వ్యవసాయంతో సహా, కలిపి 8 లక్షల లోపు ఉండాలి. కేంద్ర నిబంధన ప్రకారం కుటుంబానికి 5 ఎకరాలు, అంతకు మించి సాగుభూమి ఉంటే అర్హత లేదు. వానలు లేక బీడుపడిన మెట్ట అయినా ఎకరాల లెక్క ఎకరాలదే. మన జిల్లాల రైతులకు ఇది అన్యాయమనే నా అభిప్రాయం. అయినా నిబంధన అలాగే ఉంది కాబట్టి ముందే చూసుకోండి.

ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఆ ఆర్థిక సంవత్సరానివి కావాలి. ఏప్రిల్ 1 తర్వాత జారీ అయినది తెచ్చుకోండి. ఇంటర్ పరీక్షలు అవగానే చేయాల్సిన మొదటి పని ఇదే. ఎస్సీలకు 15, ఎస్టీలకు 7.5 శాతం రిజర్వేషన్ ఉంది. వారి సర్టిఫికెట్‌కు ఏటా మార్చుకునే గొడవ లేదు. దేవరకొండ, అచ్చంపేట తండాల లంబాడా పిల్లలు, నల్లమల చెంచు పిల్లలు ఈ సీట్లకు పూర్తి అర్హులు. గురుకులాల్లో చదివే ఆ పిల్లలకు ఇంగ్లీషు కూడా బాగానే వస్తుంది. ఉపాధ్యాయులు వారికి ఈ దారి చూపిస్తే ఎంత మేలో.

ఇవి కాక ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, ఇంటర్ బోర్డు నుంచి మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. మైగ్రేషన్ అనేది ఇక్కడి కళాశాలలు అడగవు కాబట్టి దాని ఊసే ఎవరికీ తట్టదు. కళాశాలకు ఫీజు బకాయి ఉంటే ఏప్రిల్ లోపే మాట్లాడుకోండి, చివరి వారంలో టీసీ కోసం తిరిగే పరిస్థితి తెచ్చుకోవద్దు. దోస్త్‌లో ముందుజాగ్రత్తగా ఒక సీటు తీసుకోవడం తెలివైన పనే. కానీ ఒరిజినల్ సర్టిఫికెట్లు అక్కడ ఇచ్చే ముందు, సీటు రద్దు చేసుకుంటే వాటిని ఎన్ని రోజుల్లో తిరిగి ఇస్తారో అడగండి. ప్రతి కాగితానికీ స్కాన్ కాపీ, ఐదారు జిరాక్స్ సెట్లు ఉంచుకోండి.

పరీక్షకు ఇంగ్లీషు ఎలా తయారవ్వాలి

సీయూఈటీ ఇంగ్లీషు పేపర్లో వ్యాసభాగాలు చదివి జవాబులు ఇవ్వడం, పదజాలం, సమానార్థక, వ్యతిరేక పదాలు, చెదిరిన వాక్యాలను వరుసలో పెట్టడం ప్రధానం. ఇంటర్ ఇంగ్లీషులో వందకు తొంభై వచ్చినవారు కూడా ఇక్కడ తడబడతారు. ఇంటర్ జవాబులు చాలావరకు కంఠస్థం. ఇక్కడ ఇచ్చే పేరా ఎప్పుడూ చూడనిది.

తయారీకి నేను చెప్పేది ఒకటే: రోజూ ఒక ఇంగ్లీషు పత్రిక సంపాదకీయం చదవండి. చదివాక పత్రిక మూసి, అందులో రచయిత వాదన ఏమిటో నాలుగు తెలుగు వాక్యాల్లో రాయండి. తెలుగులోనే ఎందుకంటే, మీకు నిజంగా అర్థమైందా లేదా అన్నది సొంత భాషలో రాస్తేనే బయటపడుతుంది. ఇంగ్లీషులో రాస్తే ఆ వాక్యాలనే అటూ ఇటూ మార్చి మనల్ని మనం మభ్యపెట్టుకోగలం. తెలియని పదాలను ఒంటరిగా కాక వాక్యంతో సహా నోటుబుక్కులో ఎక్కించండి. నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లా గ్రంథాలయాల్లో పత్రికలు ఉచితంగా దొరుకుతాయి. దసరా సెలవుల నుంచి మొదలుపెడితే మే నాటికి చదివే వేగం స్పష్టంగా పెరుగుతుంది. తర్వాత ఫ్రెంచ్, జర్మన్ పాఠాలు చదివేటప్పుడూ ఈ అలవాటే కాపాడుతుంది. నిఘంటువులు, వ్యాకరణ పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషు ద్వారానే నడుస్తాయి.

జనరల్ టెస్ట్‌లో వర్తమాన విషయాలు, సాధారణ గణితం, తార్కిక ప్రశ్నలు వస్తాయి. పోటీ పరీక్షల పుస్తకం ఒకటి చాలు. చివరి నెలలో కంప్యూటర్ మీద మాక్ పరీక్షలు కొన్ని రాయండి. మౌస్ అలవాటు లేకపోవడం వల్ల సమయం పోగొట్టుకోవద్దు.

పరీక్ష తర్వాత

సీయూఈటీ ఫలితం వచ్చాక పని ముగిసిందని కూర్చోకండి. ఎన్‌టీఏ సీట్లు ఇవ్వదు, స్కోరు మాత్రమే ఇస్తుంది. ఆ స్కోరుతో ఇఫ్లూ, జేఎన్‌యూ, ఢిల్లీ, కాశీ విశ్వవిద్యాలయాల వెబ్‌సైట్లలో విడివిడిగా నమోదు చేసుకుని, ఒక్కోదానికి ఫీజు కట్టాలి. ఈ రెండో నమోదు తెలియక మంచి స్కోరు వృథా చేసుకున్నవారు ఉన్నారు. ఫలితాలకు ముందే కొన్ని విశ్వవిద్యాలయాలు నమోదు మొదలుపెడతాయి. కాబట్టి జూన్ నుంచి రోజు విడిచి రోజు చూస్తుండాలి. కోర్సుల ప్రాధాన్య క్రమం అడిగినప్పుడు మీరు నిజంగా కోరుకునేదే మొదట పెట్టండి. మొదటి జాబితాలో పేరు లేకపోయినా రెండో, మూడో విడతల దాకా ఆశ వదలకండి, భాషా కోర్సుల్లో సీట్లు కదులుతాయి. హాస్టల్‌కు వేరుగా దరఖాస్తు ఉంటుంది. సీటు వచ్చిన రోజే పెట్టేయండి.

ఖర్చు

ఇఫ్లూలో సెమిస్టరు ఫీజు వేలల్లో ఉంటుంది, ప్రైవేటు కళాశాలల్లాగా లక్షల్లో ఉండదు. అసలు భారం హాస్టల్, భోజనం, పుస్తకాలది. ఇంటర్‌లో మీ బోర్డులో పై 20 శాతంలో నిలిచి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉంటే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్‌కు జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవచ్చు. డిగ్రీ మొదటి మూడేళ్ళు ఏడాదికి 12,000 రూపాయలు వస్తాయి. ఎస్సీ విద్యార్థులకు కేంద్ర పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ ఆదాయ పరిమితి 2.5 లక్షలు. స్కాలర్‌షిప్ డబ్బు ఆధార్‌తో అనుసంధానమైన ఖాతాకే పడుతుంది కాబట్టి బ్యాంకులో ఆ పని ముందే చూసుకోండి. ఆడపిల్లలకు 2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. శనివారం ఇంటికి వచ్చి పోవడానికి రూపాయి ఖర్చుండదు. ‘అమ్మాయిని అంత దూరం ఎలా పంపాలి’ అనే ఇళ్ళలో ఈ మాట ఉపయోగపడుతుంది.

ఇంట్లో అడిగే ప్రశ్న

‘ఫ్రెంచ్ చదివి ఏం చేస్తావు బిడ్డా?’ అని నాన్న అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్నే. దబాయించకుండా జవాబు చెప్పండి.

పాఠశాలల్లో ఫ్రెంచ్, జర్మన్ ఉపాధ్యాయులు కావాలి. హైదరాబాద్‌లోని బహుళజాతి సంస్థల కార్యాలయాలు ఐరోపా ఖాతాదారులతో మాట్లాడేందుకు ఈ భాషలు వచ్చినవారిని తీసుకుంటాయి. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ నేర్పించి జర్మనీకి పంపుతోంది. అంటే నేర్పేవారికీ గిరాకీ పెరుగుతోంది. ఎంఏ తర్వాత కళాశాల అధ్యాపకులకు అర్హత పరీక్ష అయిన యూజీసీ నెట్‌ను ఈ రెండు భాషల్లోనూ రాయవచ్చు. పర్యాటకం, ప్రచురణ, దుబాసీ పనులు ఉన్నాయి. ఫ్రాన్స్ పాఠశాలల్లో ఇంగ్లీషు సహాయకులుగా కొన్ని నెలలు పనిచేసే పథకంలో భారత విద్యార్థులకూ చోటుంది. జర్మన్ చదివే విద్యార్థులకు జర్మనీకి చెందిన డాడ్ (డీఏఏడీ) సంస్థ వేసవి కోర్సు స్కాలర్‌షిప్పులు ఇస్తుంది.

ఇక యంత్రానువాదం సంగతి. మామూలు ఉత్తరాలు, వాడకం సూచనలు ఇప్పుడు కంప్యూటరే అనువదిస్తోంది, ఆ చిన్న పనులు తగ్గుతాయి. అందుకే బొటాబొటి స్థాయిలో ఆగిపోతే లాభం లేదు. భాష స్థాయిని కొలిచే ఐరోపా కొలమానంలో ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్లు ఉంటాయి. డిగ్రీ పూర్తయ్యేసరికి బీ2 దాటాలని లక్ష్యం పెట్టుకోండి. దానికి తోడు అకౌంట్లు, కంప్యూటర్, బోధన వంటి ఇంకో పని చేతిలో ఉండాలి. ఈ రెండూ ఉన్నవారికి ఇబ్బంది లేదని నా నమ్మకం.

నేరుగా జర్మనీ, ఫ్రాన్స్ వెళ్ళవచ్చా

ఇంటర్ కాగానే నేరుగా జర్మనీ డిగ్రీలో చేర్పిస్తామని చెప్పే ఏజెంట్లకు డబ్బు కట్టకండి. అక్కడి విశ్వవిద్యాలయాల లెక్కలో మన పన్నెండేళ్ళ చదువు ఒక్కటే సాధారణంగా చాలదు. ఇక్కడ గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయంలో కనీసం ఒక ఏడాది డిగ్రీ పూర్తిచేయాలి, లేదా అక్కడ సన్నాహక సంవత్సరం చదవాలి. జర్మన్‌లో బోధించే కోర్సుకు సీ1 వరకు భాష అడుగుతారు. 2022 నవంబరు నుంచి భారత విద్యార్థులకు, సర్టిఫికెట్లు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ ధ్రువీకరణ తప్పనిసరి. 2024 సెప్టెంబరు నుంచి వీసా కోసం ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు ఖాతాలో జమచేసి చూపాలి. ఫ్రాన్స్‌కు ఆ దేశ ప్రభుత్వ సంస్థ క్యాంపస్ ఫ్రాన్స్ ద్వారా దరఖాస్తు. ఇక్కడ ఆనర్స్ చేసి, ఎంఏకో మార్పిడి సెమిస్టరుకో వెళ్ళడం ఖర్చులోనూ, చదువులోనూ మేలైన దారి. పాస్‌పోర్టు మాత్రం మొదటి ఏడాదే తీసుకోండి. నల్గొండ, మహబూబ్‌నగర్ పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు కేంద్రాలు ఉన్నాయి.

సీటు రాకపోతే, డిగ్రీ అయిపోయి ఉంటే

సీయూఈటీకి వయసు పరిమితి లేదు. మరుసటి ఏడాది మళ్ళీ రాయవచ్చు. ఆయా విశ్వవిద్యాలయాలు పెట్టుకున్న నిబంధనలు మాత్రం చూసుకోండి. ఈలోగా దూరవిద్య విశ్వవిద్యాలయం ఇగ్నో ఫ్రెంచ్, జర్మన్ సర్టిఫికెట్ కోర్సులు ఇంటి నుంచే చేయవచ్చు. హైదరాబాద్‌లో ఉండగలిగితే ఇఫ్లూ పార్ట్‌టైం కోర్సులు, ఉస్మానియా డిప్లొమాలు, అలియాన్స్ ఫ్రాన్సేజ్, గోథే సెంట్రమ్ తరగతులు ఉన్నాయి. ఫ్రెంచ్‌లో భాషా స్థాయిని ధ్రువీకరించే డెల్ఫ్ పరీక్షలో వందకు 50 వస్తే ఉత్తీర్ణత. నాలుగు విభాగాల్లో ఒక్కోదానిలో 25కు కనీసం 5 రావాలి. ఆ సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది.

మొదటి సెమిస్టరు

సీటు వచ్చి తరగతులు మొదలయ్యాక మొదటి ఆరు వారాలు గట్టివి. ఇంటర్‌లో ఫ్రెంచ్ చదివి వచ్చిన నగరం పిల్లలు మీకన్నా వేగంగా కనిపిస్తారు. అధ్యాపకులు తొందరలోనే ఇంగ్లీషు తగ్గించి ఆ భాషలోనే మాట్లాడతారు. ముందు వరుసలో కూర్చోండి. తప్పు పలికితే నవ్వుతారేమోనని నోరు మూసుకోకండి, పలకనివారి తప్పు ఎవరూ దిద్దలేరు. రోజూ ఉదయం పదిహేను నిమిషాలు గట్టిగా పైకి చదివి, ఫోనులో రికార్డు చేసి, ఆ భాష వార్తలతో పోల్చి వినండి. సెమిస్టరు మధ్య పరీక్ష నాటికి వారికీ మీకూ ఉన్న దూరం చాలావరకు తగ్గిపోతుంది.